ఫాంటసీ బేస్‌బాల్: రేపటి తార కోసం నేటి ఆటగాడిని వదులుకోవచ్చా?

అమెరికాలో ఏటా వసంతకాలంలో బేస్‌బాల్ సీజన్ మొదలవుతుంది. దానితో పాటే లక్షలాది అభిమానుల ఇళ్లలో, కార్యాలయాల్లో మరో పోటీకి తెర లేస్తుంది. అదే ఫాంటసీ బేస్‌బాల్. నిజమైన క్రీడాకారులతో కాగితంపై జట్టును కూర్చుకోవడం, వారు మైదానంలో సాధించే గణాంకాలను పాయింట్లుగా లెక్కించుకోవడం, ఇతర జట్ల యజమానులతో ఆటగాళ్లను మార్చుకోవడం ఈ ఆట స్వరూపం.

ఈ మార్పిడుల్లో అన్నిటికంటే కఠినమైన నిర్ణయం ఒకటుంది. ఇప్పటికే నిరూపించుకున్న ఆటగాడిని ఇచ్చివేసి, ఇంకా మేజర్ లీగ్‌లో అడుగు పెట్టని యువకుడిని తీసుకోవడమే ఆ నిర్ణయం. అలాంటి యువకుడిని బేస్‌బాల్ పరిభాషలో ‘ప్రాస్పెక్ట్’ అంటారు. అతడు తారగా ఎదిగితే జట్టు దశ పదేళ్లపాటు మారిపోవచ్చు. ఎదగకపోతే చేతిలో ఉన్నదీ పోయి, రావలసినదీ రాక యజమాని నష్టపోతాడు.

ఈ నిర్ణయం దేనిపై ఆధారపడుతుంది? చరిత్రలో ఇలాంటి మార్పిడులు ఏ ఫలితాలిచ్చాయి? భారత్‌లోని ఫాంటసీ క్రికెట్‌కూ దీనికీ తేడా ఏమిటి?

ఈ ఆట ఎలా పుట్టింది?

1960లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రవేత్త విలియం గామ్సన్ తన సహచరులతో కలిసి ‘బేస్‌బాల్ సెమినార్’ అనే ఆటను ప్రారంభించారు. సీజన్ చివరి గణాంకాల ఆధారంగా విజేతను నిర్ణయించే ఆ ఆటే నేటి ఫాంటసీ క్రీడలకు తొలి రూపాల్లో ఒకటి.

నేడు ప్రపంచమంతటా తెలిసిన రూపాన్ని 1980లో రచయిత, సంపాదకుడు డేనియల్ ఓక్రెంట్ తీర్చిదిద్దారు. న్యూయార్క్‌లో ఆయన మిత్రబృందం భోజనానికి కలుసుకునే ‘లా రోటిసరీ ఫ్రాన్సేజ్’ అనే రెస్టారెంట్ పేరు మీదుగా ఆ ఆటకు ‘రోటిసరీ లీగ్’ అన్న పేరు స్థిరపడింది. సభ్యులు వేలంలో ఆటగాళ్లను కొనుక్కోవడం, సీజన్ సాగుతుండగా పరస్పరం మార్చుకోవడం అందులోని ప్రధాన ఆకర్షణలు. అభిమాని కేవలం ప్రేక్షకుడిగా మిగిలిపోకుండా, జట్టు మేనేజర్ ఎదుర్కొనే సందిగ్ధాలన్నీ తానూ అనుభవించేలా చేయడమే ఈ ఆట విజయానికి మూలం.

పాయింట్లు ఎలా లెక్కిస్తారు?

సాధారణ రోటిసరీ విధానంలో పది విభాగాలుంటాయి. బ్యాటర్లకు బ్యాటింగ్ సగటు, పరుగులు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు అంటే తన బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు, స్టోలెన్ బేస్‌లు లెక్కలోకి వస్తాయి. పిచర్లకు గెలుపులు, స్ట్రైకవుట్లు, సేవ్‌లు, సగటున ఇచ్చిన పరుగులు, ఇన్నింగ్స్‌కు సగటున ఎందరిని బేస్‌పైకి రానిచ్చారన్న లెక్క పరిగణనలోకి వస్తాయి. ప్రతి విభాగంలోనూ జట్లకు ర్యాంకులిచ్చి, ఆ ర్యాంకుల పాయింట్ల మొత్తంతో విజేతను తేలుస్తారు. 12 జట్ల లీగ్‌లో ఒక విభాగంలో మొదటి స్థానానికి 12 పాయింట్లు, చివరి స్థానానికి ఒక పాయింటు దక్కుతాయి.

ఈ పద్ధతిలో ఒక ముఖ్య విషయం గమనించాలి. బంతిని అద్భుతంగా పట్టే ఫీల్డర్‌కు ఇక్కడ ఒక్క పాయింటు కూడా రాదు. అందువల్ల నిజమైన జట్టుకు అమూల్యమైన యువకుడు ఫాంటసీ జట్టుకు సాధారణ ఆటగాడు కావచ్చు. ఫీల్డింగ్ బలహీనంగా ఉన్నా బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టగలిగిన యువకుడు ఫాంటసీలో విలువైనవాడు కావచ్చు. ప్రాస్పెక్టుల జాబితాలను చదివేటప్పుడు చాలామంది మరచిపోయే తేడా ఇదే.

లీగ్‌ల స్వరూపం ఏమిటి?

ప్రాస్పెక్ట్ విలువ లీగ్ నియమాలను బట్టి పూర్తిగా మారిపోతుంది. ఈ లీగ్‌లు స్థూలంగా మూడు రకాలు.

మొదటిది ఏటా కొత్తగా జట్టును ఎంచుకునే లీగ్. సీజన్ ముగియగానే జట్లన్నీ రద్దవుతాయి. ఇందులో వచ్చే ఏడాది రాబోయే ఆటగాడికి విలువ ఉండదు. ఈ సీజన్‌లోనే మేజర్ లీగ్‌కు పిలుపు అందుకునే అవకాశమున్న యువకుడికి మాత్రమే కొంత గిరాకీ ఉంటుంది.

రెండవది ‘కీపర్’ లీగ్. ప్రతి యజమానీ కొద్దిమంది ఆటగాళ్లను మరుసటి ఏడాదికి అట్టిపెట్టుకోవచ్చు. తక్కువ ధరకు కొన్న యువకుడు తారగా మారితే, అదే తక్కువ ధరకు అతడిని కొనసాగించుకునే వెసులుబాటు అనేక లీగ్‌లలో ఉంటుంది. ఇక్కడ యువకుడి ప్రతిభతో పాటు అతడి ధర కూడా ఆస్తే.

మూడవది ‘డైనాస్టీ’ లీగ్. ఇందులో జట్టు దాదాపు మొత్తం ఏళ్ల తరబడి కొనసాగుతుంది. మైనర్ లీగ్ ఆటగాళ్లకు ప్రత్యేక స్థానాలుంటాయి. ఇంకా పాఠశాల వయసు దాటని కుర్రాళ్లను కూడా యజమానులు సొంతం చేసుకుంటారు. ప్రాస్పెక్టుల మార్పిడికి అసలైన రంగస్థలం ఇదే.

భారతీయ పాఠకులకు పరిచితమైన ఫాంటసీ క్రికెట్ ప్రధానంగా ఒక్కొక్క మ్యాచ్‌కు 11 మందిని ఎంచుకునే పద్ధతి. మ్యాచ్ ముగియగానే ఆ జట్టు కథ కూడా ముగుస్తుంది. అందులో భవిష్యత్తును కొనుక్కునే ప్రసక్తి ఉండదు. డైనాస్టీ లీగ్‌కు దగ్గరి పోలిక ఐపీఎల్ ఫ్రాంచైజీల వ్యవహారంలో కనిపిస్తుంది. విశాఖపట్నానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ హైదరాబాద్ తొలుత 20 లక్షల రూపాయలకు తీసుకుంది. 2025 సీజన్‌కు ముందు 6 కోట్ల రూపాయలకు అట్టిపెట్టుకుంది. 2024 నవంబరులో జరిగిన వేలంలో రాజస్థాన్ రాయల్స్ 13 ఏళ్ల వైభవ్ సూర్యవంశీని 1.10 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. మరుసటి ఏప్రిల్‌లోనే అతడు 35 బంతుల్లో శతకం సాధించాడు. ముందుగా గుర్తించినవారికి తక్కువ ధరకే ప్రతిభ దక్కుతుందన్న సూత్రం రెండు ఆటల్లోనూ ఒకటే. తేడా వేచి ఉండే కాలంలో ఉంది. బేస్‌బాల్‌లో అలాంటి యువకుడి కోసం మూడు నాలుగేళ్లు నిరీక్షించడం సర్వసాధారణం.

ప్రాస్పెక్ట్ ఎలా తయారవుతాడు?

అమెరికా, కెనడా, ప్యూర్టోరికోలలోని ఉన్నత పాఠశాలలు, కళాశాలల నుంచి ఏటా జరిగే డ్రాఫ్ట్ ద్వారా మేజర్ లీగ్ జట్లు యువకులను ఎంచుకుంటాయి. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల యువకులు 16 ఏళ్ల వయసు నుంచే నేరుగా ఒప్పందాలు చేసుకుంటారు. ఆ తర్వాత వారు మైనర్ లీగ్‌ల నిచ్చెన ఎక్కాలి. 2021లో జరిగిన పునర్‌వ్యవస్థీకరణ తర్వాత 30 మేజర్ లీగ్ జట్లకు అనుబంధంగా 120 మైనర్ లీగ్ జట్లు ఉన్నాయి. సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అన్నవి ఆ నిచ్చెనలోని నాలుగు మెట్లు.

ప్రతిభను అంచనా వేసే స్కౌట్లు 20 నుంచి 80 వరకు ఉండే కొలమానాన్ని వాడతారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు స్థాయి. 80 అంటే అరుదైన అసాధారణ ప్రతిభ. బ్యాటర్‌కు బంతిని తాకే నేర్పు, బలం, పరుగు వేగం, విసిరే శక్తి, ఫీల్డింగ్ అన్నిటికీ విడివిడిగా అంకెలు ఇస్తారు. ‘బేస్‌బాల్ అమెరికా’ పత్రిక, మేజర్ లీగ్ బేస్‌బాల్‌కు చెందిన ‘ఎంఎల్‌బీ పైప్‌లైన్’ వంటివి ఏటా వంద మంది అగ్రశ్రేణి ప్రాస్పెక్టుల జాబితాలను వెలువరిస్తాయి. ఫాంటసీ లీగ్‌లలో ఈ జాబితాలే మార్కెట్ ధరల పట్టికలుగా పనిచేస్తాయి.

నిజమైన జట్ల మార్పిడులు ఏం చెబుతున్నాయి?

ఫాంటసీ యజమానుల సందిగ్ధం నిజమైన జట్లకూ ఉంది. ఆ చరిత్రలోని కొన్ని ఉదాహరణలు నేటికీ చర్చనీయాంశాలే.

1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ జట్టు డివిజన్ టైటిల్ కోసం హోరాహోరీగా పోరాడుతోంది. అనుభవజ్ఞుడైన పిచర్ డోయల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా బ్రేవ్స్ నుంచి తీసుకుని, బదులుగా 20 ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ను ఇచ్చింది. అలెగ్జాండర్ ఆ సీజన్‌లో డెట్రాయిట్‌కు వరుసగా 9 గెలుపులు అందించి, ఒక్క ఓటమీ లేకుండా ముగించారు. జట్టు డివిజన్‌ను గెలుచుకుంది కానీ వరల్డ్ సిరీస్‌కు చేరలేదు. స్మోల్ట్జ్ మాత్రం 213 గెలుపులు, 154 సేవ్‌లు సాధించి 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందారు.

2016 జూన్‌లో షికాగో వైట్ సాక్స్ అనుభవజ్ఞుడైన పిచర్ జేమ్స్ షీల్డ్స్ కోసం 17 ఏళ్ల ఫెర్నాండో టాటిస్ జూనియర్‌ను శాన్ డియాగో పాడ్రెస్‌కు ఇచ్చింది. 2021 నాటికి అదే యువకుడు 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల ఒప్పందం అందుకున్నారు. ఆ ఏడాది 42 హోమ్ రన్లతో నేషనల్ లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచారు. అయితే 2022లో నిషిద్ధ ఉత్ప్రేరకం వాడకం కారణంగా 80 మ్యాచ్‌ల నిషేధానికి గురయ్యారు. ప్రాస్పెక్ట్ తారగా మారిన తర్వాత కూడా అనిశ్చితి తొలగిపోదని ఈ ఉదంతం చెబుతుంది.

భవిష్యత్తును వదులుకోవడం ప్రతిసారీ పొరపాటు కాదు. 2016 జులైలో షికాగో కబ్స్ తమ అగ్రశ్రేణి ప్రాస్పెక్ట్ గ్లేబర్ టోరెస్ సహా పలువురిని న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చి, మెరుపు వేగపు పిచర్ అరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చుకుంది. టోరెస్ తర్వాత యాంకీస్ తరఫున ఆల్-స్టార్ స్థాయికి ఎదిగారు. కబ్స్ మాత్రం ఆ సంవత్సరమే 1908 తర్వాత తొలిసారి వరల్డ్ సిరీస్ గెలుచుకుంది. 108 ఏళ్ల నిరీక్షణ ముగిసిన నగరంలో ఆ మార్పిడిని నష్టమని అనేవారు అరుదు.

ప్రాస్పెక్టులు ఎందుకు విఫలమవుతారు?

1991 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికైన పిచర్ బ్రియన్ టేలర్‌కు యాంకీస్ 15.5 లక్షల డాలర్లు చెల్లించింది. 1993 డిసెంబరులో జరిగిన ఒక ఘర్షణలో ఆయన భుజం తీవ్రంగా దెబ్బతింది. ఆయన మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయారు. 2013లో మొదటి స్థానంలో ఎంపికైన మార్క్ అపెల్ 2022లో, 30 ఏళ్ల వయసులో గాని మేజర్ లీగ్‌కు చేరలేదు. మరోవైపు, 1999 డ్రాఫ్ట్‌లో 13వ రౌండ్‌లో, మొత్తం మీద 402వ స్థానంలో ఎంపికైన ఆల్బర్ట్ పుహోల్స్ 2001లో ఉత్తమ నవాగత క్రీడాకారుడి పురస్కారం అందుకుని, 703 హోమ్ రన్లతో కెరీర్ ముగించారు.

పిచర్ల విషయంలో ప్రమాదం మరింత ఎక్కువ. అతివేగంగా బంతిని విసిరే క్రమంలో మోచేతి స్నాయువు తెగిపోవడం తరచుగా జరిగే గాయం. 1974లో వైద్యుడు ఫ్రాంక్ జోబ్ పిచర్ టామీ జాన్‌కు తొలిసారి చేసిన శస్త్రచికిత్స ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందింది. దాని నుంచి కోలుకోవడానికి పిచర్‌కు సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అందుకే ప్రతిభ సమానంగా కనిపించినప్పుడు అనుభవజ్ఞులైన ఫాంటసీ యజమానులు పిచర్ కంటే బ్యాటర్‌ను ఎంచుకోవడానికే మొగ్గు చూపుతారు.

భారతీయ మూలాలున్న తల్లికి జన్మించిన పిచర్ కుమార్ రాకర్ ప్రయాణం ఈ అనిశ్చితికి చక్కని నిదర్శనం. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున డ్యూక్ జట్టుపై ఆయన ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రైకవుట్లు సాధించారు. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ స్థానంలో ఎంచుకుంది కానీ, వైద్య పరీక్షల అనంతరం ఒప్పందం కుదుర్చుకోలేదు. 2022లో టెక్సస్ రేంజర్స్ 3వ స్థానంలో తీసుకుంది. 2023లో టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, తొలి మ్యాచ్‌లోనే 7 స్ట్రైకవుట్లు నమోదు చేశారు. మూడేళ్ల వ్యవధిలో ఆయన విలువ పలుమార్లు పడి లేచింది. ఏ దశలో ఆయనను ఫాంటసీ జట్టులోకి తీసుకున్నారన్న దాన్ని బట్టి ఒకే ఆటగాడు ఒక యజమానికి నష్టంగా, మరొకరికి లాభంగా మిగిలారు.

తొలి వైఫల్యం కొనుగోలుకు అవకాశమా?

మైక్ ట్రౌట్ 2009 డ్రాఫ్ట్‌లో 25వ స్థానంలో ఎంపికయ్యారు. 2011 జులైలో 19 ఏళ్ల వయసులో మేజర్ లీగ్‌కు వచ్చారు. ఆ ఏడాది ఆడిన 40 మ్యాచ్‌లలో ఆయన బ్యాటింగ్ సగటు కేవలం 0.220. 2012 సీజన్‌ను మైనర్ లీగ్‌లోనే ప్రారంభించి, ఏప్రిల్ చివర పిలుపు అందుకున్నారు. ఆ ఏడాది 0.326 సగటు, 30 హోమ్ రన్లు, 49 స్టోలెన్ బేస్‌లతో చరిత్ర సృష్టించి, ఏకగ్రీవంగా ఉత్తమ నవాగత క్రీడాకారుడయ్యారు. 2011 చలికాలంలో ఆ 40 మ్యాచ్‌ల సగటు చూసి ఆయనను వదులుకున్న ఫాంటసీ యజమాని ఎంత కోల్పోయాడో ఊహించవచ్చు.

జాక్సన్ హాలిడే ఉదంతం ఇటీవలిది. 2022 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికైన ఆయన 2024 సీజన్‌కు ముందు అగ్రశ్రేణి ప్రాస్పెక్టుగా గుర్తింపు పొందారు. ఏప్రిల్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్ తరఫున అడుగుపెట్టి, 34 అవకాశాల్లో 2 హిట్లు మాత్రమే కొట్టి తిరిగి ట్రిపుల్-ఏకు వెళ్లారు. జులై 31న మళ్లీ వచ్చిన రోజే తన తొలి హోమ్ రన్‌ను గ్రాండ్ స్లామ్‌గా, అంటే మూడు బేస్‌లూ నిండి ఉండగా కొట్టారు.

ఈ రెండు ఉదంతాల సారాంశం ఒక్కటే. కొద్ది మ్యాచ్‌ల గణాంకాలు ఆటగాడి అసలు స్థాయిని చెప్పలేవు. కానీ మార్కెట్ ధర మాత్రం వాటిని చూసే మారుతుంది. ధరకూ స్థాయికీ మధ్య ఏర్పడే ఈ అంతరమే కొనేవారికి అవకాశం. అయితే తొలి వైఫల్యం పొందిన ప్రతి యువకుడూ ట్రౌట్ కాడన్నది కూడా అంతే నిజం. అందుకే ఫలితాలను కాకుండా, వాటి వెనుక ఉన్న కారణాలను పరిశీలించాలి.

మార్పిడికి ముందు ఏమేం చూస్తారు?

మొదట చూడవలసినది వయసు. అంకెలు ఒకేలా ఉన్నా 19 ఏళ్లకే డబుల్-ఏలో రాణించే యువకుడు, అదే స్థాయిలో ఉన్న 24 ఏళ్ల ఆటగాడి కంటే ఎంతో మెరుగైన ఆశ. తనకంటే పెద్దవారితో తలపడి నిలదొక్కుకోవడమే అక్కడ అసలు సూచిక.

రెండవది స్ట్రైకవుట్లు, వాక్‌ల నిష్పత్తి. బ్యాటర్ ఎంత తరచుగా బంతిని తాకలేక ఔట్ అవుతున్నాడు, చెడు బంతులను ఎంత ఓపికగా వదులుతున్నాడు అన్నవి బ్యాటింగ్ సగటు కంటే త్వరగా స్థిరపడే సూచికలు. మైనర్ లీగ్‌లో స్ట్రైకవుట్లు ఎక్కువగా ఉన్న బ్యాటర్‌కు పైస్థాయి పిచింగ్ ముందు కష్టాలు పెరుగుతాయి.

మూడవది ఆడే చోటు. యువకుడి స్థానంలో ఇప్పటికే దీర్ఘకాల ఒప్పందమున్న తార ఉంటే దారి మూసుకుపోతుంది. మైదానం కూడా ముఖ్యమే. సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్‌లో గాలి పలుచన కావడంతో బంతి దూరం వెళ్తుంది. అక్కడి జట్టుకు చెందిన బ్యాటర్‌కు అది వరం, పిచర్‌కు శాపం.

నాలుగవది పిలుపు వచ్చే సమయం. ఇది ప్రతిభపైనే కాక ఒప్పంద నియమాలపైనా ఆధారపడుతుంది. మేజర్ లీగ్‌లో ఒక సీజన్‌లో 172 రోజులుంటే పూర్తి ఏడాది సర్వీసుగా లెక్కిస్తారు. ఆరేళ్ల సర్వీసు పూర్తయితే ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోవచ్చు. 2015లో క్రిస్ బ్రయంట్‌ను కబ్స్ ఏప్రిల్ 17న పిలిచింది. ఆయన సర్వీసు 171 రోజుల వద్ద ఆగింది. ఒక్క రోజు తక్కువ కావడంతో జట్టుకు ఆయనపై మరో ఏడాది హక్కు దక్కింది. ఆయన చేసిన ఫిర్యాదు 2020లో వీగిపోయింది. ఈ ధోరణిని తగ్గించేందుకు 2022 ఒప్పందంలో మార్పులు చేశారు. అగ్రశ్రేణి యువకులను సీజన్ ఆరంభం నుంచే ఆడించి, వారు పురస్కారాల్లో రాణిస్తే జట్టుకు అదనపు డ్రాఫ్ట్ అవకాశం ఇస్తారు. ఉత్తమ నవాగత క్రీడాకారుడి ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాలు పొందినవారికి పూర్తి ఏడాది సర్వీసు లభిస్తుంది.

లెక్క ఎలా వేస్తారు?

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక ప్రాస్పెక్ట్ తారగా మారి ఏడాదికి 30 యూనిట్ల విలువ ఇచ్చే అవకాశం పదింట మూడు వంతులు, సాధారణ ఆటగాడై 10 యూనిట్లు ఇచ్చే అవకాశం పదింట నాలుగు వంతులు, పూర్తిగా విఫలమయ్యే అవకాశం పదింట మూడు వంతులు అనుకుందాం. సగటు విలువ 13 యూనిట్లు అవుతుంది.

ఈ లెక్క ఇక్కడితో ఆగిపోతే తప్పుదారి పట్టిస్తుంది. ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్లలో ఎవరినైనా ఉచితంగా తీసుకునే వీలు చాలా లీగ్‌లలో ఉంటుంది. 10 జట్ల చిన్న లీగ్‌లో అలా దొరికేవాడే 8 యూనిట్ల ఆటగాడనుకుంటే, సాధారణ ఆటగాడిగా మారిన ప్రాస్పెక్ట్ అదనంగా ఇచ్చేది 2 యూనిట్లే. తార ఇచ్చే అదనం 22. విఫలమైనవాడిని వదిలేసి మరొకరిని తీసుకుంటారు కనుక అక్కడ అదనం సున్నా. మొత్తం సగటు అదనం 7.4 యూనిట్లు. అందులో 6.6 తార అయ్యే అవకాశం నుంచే వస్తుంది. అదే 20 జట్ల పెద్ద లీగ్‌లో ఉచితంగా దొరికేవాడు 2 యూనిట్ల ఆటగాడైతే, సగటు అదనం 11.6కు పెరుగుతుంది. అందులో 3.2 సాధారణ ఆటగాడిగా స్థిరపడే అవకాశం నుంచి వస్తుంది.

దీని నుంచి రెండు సూత్రాలు తేలతాయి. చిన్న లీగ్‌లో తారగా మారే అవకాశమున్నవారినే తీసుకోవాలి. తారగా కాకపోయినా నిలకడగా ఆడగలడన్న నమ్మకమున్న యువకుడికి అక్కడ విలువ తక్కువ. పెద్ద లీగ్‌లో అలాంటివాడు కూడా ఆస్తే. రెండవ సూత్రం ఇద్దరు ముగ్గురిని ఇచ్చి ఒకరిని తీసుకునే బేరాలకు వర్తిస్తుంది. చిన్న లీగ్‌లో సాధారణంగా అత్యుత్తమ ఆటగాడిని పొందినవారిదే పైచేయి.

ఆపై కాలం లెక్కలోకి వస్తుంది. రెండేళ్ల తర్వాత మొదలయ్యే విలువ నేటి విలువకు సమానం కాదు. ఆ రెండేళ్లలో గాయం కావచ్చు, లీగే రద్దు కావచ్చు. పైగా ఒకే ఆటగాడి విలువ ఇద్దరు యజమానులకు ఒకటి కాదు. జులైలో చివరి స్థానంలో ఉన్న జట్టుకు 34 ఏళ్ల తార సాధించే మిగిలిన పరుగులు ఎందుకూ కొరగావు. రెండో స్థానంలో ఉన్న జట్టుకు అవే పరుగులు టైటిల్‌ను తెచ్చిపెట్టవచ్చు. ఇద్దరికీ లాభమయ్యే మార్పిడి పుట్టేది ఈ తేడా నుంచే.

న్యాయమైన బేరమా, కాదా?

ఇలాంటి మార్పిడులపై లీగ్‌లలో వివాదాలు తరచు తలెత్తుతాయి. వెనుకబడిన జట్టు తన తారలందరినీ ఒకే యజమానికి అప్పగించి యువకులను తీసుకుంటే, మిగతావారి అవకాశాలు దెబ్బతింటాయి. అందుకే చాలా లీగ్‌లు మార్పిడులకు గడువు తేదీని పెడతాయి. కొన్నింటిలో ఇతర యజమానులు ఓటు ద్వారా, మరికొన్నింటిలో కమిషనర్‌గా వ్యవహరించే సభ్యుడు తన నిర్ణయంతో మార్పిడిని రద్దు చేయవచ్చు. ఇద్దరు కుమ్మక్కయితే తప్ప మార్పిడిని అడ్డుకోరాదన్నది విస్తృతంగా ఆమోదం పొందిన అభిప్రాయం. బేరం తమకు నచ్చలేదన్నది రద్దుకు తగిన కారణం కాదు.

చట్టం ఏమంటోంది?

అమెరికాలో క్రీడాకారుల పేర్లు, గణాంకాలను ఫాంటసీ సంస్థలు వాడుకోవచ్చని 2007లో ఎనిమిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం తీర్పునిచ్చింది. 2006 నాటి ఇంటర్నెట్ జూద నియంత్రణ చట్టం నిర్దిష్ట షరతులకు లోబడి ఫాంటసీ క్రీడలను మినహాయించింది. అయితే రాష్ట్రాల చట్టాలు వేర్వేరుగా ఉన్నాయి.

భారత్‌లో పరిస్థితి భిన్నం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు చెల్లించి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. అలాంటి ఆటలను నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించే వీలుంది. ఆ తర్వాత ప్రధాన ఫాంటసీ సంస్థలు నగదు పోటీలను నిలిపివేశాయి.

అంకెల వెనుక మనుషులు

ఫాంటసీ పట్టికలో ఒక వరుసగా కనిపించే ప్రతి ప్రాస్పెక్టూ బస్సు ప్రయాణాలతో, చిన్న పట్టణాల మైదానాలతో కాలం గడిపే యువకుడే. మైనర్ లీగ్ ఆటగాళ్ల తొలి సమష్టి ఒప్పందం 2023లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ట్రిపుల్-ఏ స్థాయిలో కనీస వార్షిక వేతనం 17,500 డాలర్ల నుంచి 35,800 డాలర్లకు పెరిగింది. మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు దూరంలో ఉన్నవారి పరిస్థితి అది. 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న భారతీయ యువకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ కూడా ఈ నిచ్చెనపైనే ప్రయాణించారు. వారిద్దరూ మేజర్ లీగ్ వరకు చేరలేదు.

నిచ్చెన ఎక్కేవారిలో ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోతారు. ప్రాస్పెక్ట్ కోసం తారను వదులుకునే యజమాని కొనుక్కునేది ఒక ఆటగాడిని కాదు, ఒక సంభావ్యతను. దాని ధర తన జట్టు నేటి స్థితికి, లీగ్ పరిమాణానికి, వేచి ఉండగలిగిన కాలానికి తగినట్లు ఉందా లేదా అన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న. ఆ మూడింటినీ ముందే లెక్కించుకున్నవారికి, ఆ యువకుడు చివరికి విఫలమైనా, నిర్ణయం మాత్రం తప్పుగా మిగలదు.